జొన్నకూటి పక్కన ఏముంది?

పలనాటి తిండి గురించి తెలుగువాళ్ల నోట ఎక్కువగా నానిన సాక్ష్యం ఒక వెక్కిరింత. శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువొకటి ఈ సీమలో ఏం వండినా జొన్నేననీ, వరన్నమన్న మాటే లేదనీ ఎకసెక్కెమాడుతుంది. నీటి కరువు మీద చెప్పిన మరో చాటువు ఏకంగా శివుణ్ణే నిలదీసి గంగను వదిలెయ్యమంటుంది. కొండవీటి రెడ్ల కొలువులో విద్యాధికారిగా వెలిగిన కవికి ఈ మెట్ట కూడు గొంతు దిగకపోవడంలో వింతేమీ లేదు. వింతల్లా ఆ కొండవీడు 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనే చేరడం. ఆరు వందల ఏళ్లు తిరిగేసరికి తీర్పు తారుమారైంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమంది, జొన్నరొట్టె హోటలు మెనూలో గౌరవంగా కూర్చుంది, పలనాటి వీరుల కండబలమంతా జొన్నదేనని చెప్పేవాళ్లూ బయల్దేరారు. ఈ రెండు తీర్పులూ పైకి ఎదురెదురుగా కనిపించినా రెండింటిదీ ఒకటే పొరపాటని నా అభిప్రాయం. కవి గింజను చూసి నవ్వాడు, మనం గింజను చూసి మురుస్తున్నాం. మనిషి ఒంట్లో ప్రొటీన్ తయారయ్యే తీరు తెలిసినవారెవరూ ఒక్క గింజను పట్టుకుని ఒక సీమ తిండికి మార్కులు వెయ్యరు. పలనాటి తిండి చరిత్ర నిజానికి జొన్న చరిత్ర కాదు. జొన్న పక్కన ఏముందో, అది ఎవరి కంచంలో ఉందో, ఎవరి కంచంలో లేదో చెప్పే చరిత్ర.

ఇందుకు ఆధారం రసాయనశాస్త్రంలో ఉంది. మన ఒంట్లోని ప్రతి ప్రొటీనూ అమైనో ఆమ్లాలు ఒకదాని వెంట ఒకటి కలిసిన గొలుసు. వాటిలో రకాలు 20. అందులో 9 రకాలను ఒళ్లు సొంతంగా చేసుకోలేదు, తిండిలో రావలసిందే. ఏ రకం ఎన్నో స్థానంలో రావాలో జన్యువు ముందే నిర్ణయిస్తుంది, రైబోజోమ్ ఆ వరస తప్పకుండా గొలుసు అల్లుతుంది. నెత్తుటిలో ఊపిరిని మోసే హిమోగ్లోబిన్‌నే తీసుకుంటే, అందులో 141 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు, 146 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు. ఒక్కో గొలుసులో లైసిన్ అనే ఆమ్లం 11 చోట్ల ఉండాలి. లైసిన్ అందకపోతే దాని స్థానంలో మరొకటి వేసి సర్దుకోవడం కుదరదు, అల్లిక అక్కడే కుంటుపడుతుంది. బండి చక్రానికి పన్నెండు ఆకులు కావాలి. పదకొండే దొరికితే చక్రం రాదు, చేతిలో ఉన్న పదకొండూ చివరికి పొయ్యిలోకే పోతాయి. ఒళ్లు చేసేదీ అదే. జతకూడని అమైనో ఆమ్లాలను దాచుకునే గాదె దానికి లేదు కనుక వాటిని ఇంధనంగా కాల్చేస్తుంది. అవసరం మరీ ముంచుకొస్తే తన కండనే కరిగించి లోటు పూడ్చుకుంటుంది. కాబట్టి ఒక గింజలో ప్రొటీన్ ఎంతుందన్న లెక్క సగం లెక్కే. ఏ ఆమ్లం అన్నిటికంటే తక్కువగా ఉందో అదే మిగతావాటి విలువను నిర్ణయిస్తుంది.

జొన్నలో అలా తక్కువపడేది లైసినే. అంకెలు స్థూలంగా ఇలా ఉంటాయి. నూరు గ్రాముల జొన్నల్లో ప్రొటీన్ దాదాపు 10 గ్రాములు, ఆ ప్రొటీన్‌లో లైసిన్ నూటికి రెండు పాళ్లు. అర కిలో జొన్నలు తిన్నా దక్కే లైసిన్ ఒక గ్రాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదిక ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 30 మిల్లీగ్రాములు కావాలి. అంటే 50 కిలోల కూలి మనిషికి గ్రామున్నర. అర గ్రాము లోటు. ఇప్పుడు కందిపప్పు సంగతి చూడండి. నూరు గ్రాముల్లో ప్రొటీన్ సుమారు 22 గ్రాములు, అందులో లైసిన్ నూటికి ఏడు పాళ్లు. నలభై గ్రాముల పప్పు, అంటే గుప్పెడు, ఆ లోటును పూడ్చేస్తుంది. కందికి తక్కువైన మిథియోనిన్, సిస్టీన్ జొన్న వైపు నుంచి వస్తాయి. ఇది కాగితం మీది లెక్క. కడుపులో అరిగేది ఇంతకంటే తక్కువ, ఆ మాట తర్వాత వస్తుంది. అయినా ఆ గుప్పెడు పప్పు ఉన్న కంచానికీ లేని కంచానికీ మధ్య తేడా, జొన్న కంచానికీ వరి కంచానికీ మధ్య తేడా కంటే పెద్దదని చూపడానికి ఈ లెక్క సరిపోతుంది.

వరి పక్షాన నిలబడేవారి అభ్యంతరం న్యాయమైనదే, దాన్ని దాటవెయ్యడం తగదు. బియ్యంలో ప్రొటీన్ తక్కువ, నూటికి ఏడెనిమిది పాళ్లే. కానీ ఆ ప్రొటీన్‌లో లైసిన్ వాటా జొన్న కంటే బాగా ఎక్కువ, మూడున్నర పాళ్ల పైమాటే. అర కిలో బియ్యంతో లైసిన్ గ్రాముంపావు దాకా వస్తుంది, పైగా సులువుగా అరుగుతుంది. గింజకు గింజ తూస్తే శ్రీనాథుడి పక్షం కొంచెం మొగ్గుతుందనే ఒప్పుకోవాలి. జొన్నను ఆకాశానికెత్తేవాళ్లు ఈ మాట చెప్పరు. అయితే ఒట్టి అన్నం తిన్నవాడిదీ లోటే, ఒట్టి సంకటి తిన్నవాడిదీ లోటే. కాస్త చిన్న లోటు, కాస్త పెద్ద లోటు. రెండింటినీ పూడ్చేది పక్కన ఉన్న పప్పో, మజ్జిగో, గుడ్డో, చేపో.

మరి పలనాడు ఆ పక్కదాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంది? చాలావరకు అదే చేలోంచి. వాన మీద ఆధారపడ్డ మెట్టలో జొన్న ఒక్కదాన్నే వెయ్యడం తెలివితక్కువ పని. జొన్న సాళ్ల మధ్య కంది సాళ్లు పెట్టడం దక్కను మెట్ట సేద్యమంతటా ఉన్న పద్ధతి. జొన్న నాలుగు నెలల్లో కోతకొస్తుంది. కంది అప్పటికి ఇంకా పిల్ల మొక్కే, జొన్న నీడ తొలగాక గుబురెక్కి, లోతుకు వేరు దించి, చలికాలమంతా నిలబడి కాస్తుంది. వాన ముందు కొడితే జొన్న, వెనక కొడితే కంది, ఏదో ఒకటి ఇంటికొస్తుంది. కంది వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. పప్పుగింజలో ప్రొటీన్ అంత దండిగా ఉండటం వెనక ఆ నత్రజని ఉంది. పెసర, అలసంద, అనప, ఉలవ కూడా ఇలాగే చేల అంచుల్లోనో సందుల్లోనో పండేవి. మిరపకాయ, వేరుశనగ రెండూ సముద్రం దాటి వచ్చిన పంటలే, శ్రీనాథుడి కాలానికి ఇక్కడ లేవు. గుంటూరు పేరు చెబితే ముందుగా గుర్తొచ్చే కారం ఆయన తిట్టిన జొన్నకూటిలో లేదన్నమాట. కంది మాత్రం అప్పటికే ఈ నేలకు పాత కాపు.

ఇక్కడ మరో అభ్యంతరం రావాలి. లైసిన్ పేరు కూడా ఎరగని రైతులకు అమైనో ఆమ్లాల తెలివిని అంటగట్టడం, పాతదాన్ని కొత్త శాస్త్రంతో పొగిడే అలవాటు కాదా? నేను ఆ పొగడ్తకు దిగడం లేదు. పలనాటి రైతు కందిని వేసింది లైసిన్ కోసం కాదు, వాన మీద నమ్మకం లేక. కంది కట్టె పొయ్యికి పనికొస్తుందని, పొట్టు పశువుకు పనికొస్తుందని. జొన్నకు తక్కువైనదే కందిలో ఎక్కువ ఉండటం ఈ సీమ ప్రత్యేకత కూడా కాదు. ధాన్యాలన్నిట్లో లైసిన్ తక్కువ, పప్పుజాతులన్నిట్లో ఎక్కువ. మెక్సికోలో మొక్కజొన్న పక్కన చిక్కుడు గింజలు, చైనాలో వరి పక్కన సోయా చేరినట్టే ఇక్కడ జొన్న పక్కన కంది చేరింది. ఎక్కడైనా ఆ జత కుదిరినచోట జనం నిలిచారు. జత ఉండేదన్నది చరిత్ర, ఎందుకు పనిచేసిందన్నది శాస్త్రం. ఆ రెంటినీ కలిపి పూర్వీకుల దివ్యదృష్టి అనడం మాత్రం కట్టుకథ.

జొన్న ప్రొటీన్ గొడవ లైసిన్‌తో తీరదు, గొలుసు ముడుచుకునే తీరులో ఇంకో మెలిక ఉంది. అమైనో ఆమ్లాల వరసే గొలుసు ఎలా మడత పడాలో నిర్ణయిస్తుందని అమెరికాలో క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్ 1960ల మొదట్లో తేల్చాడు. గొలుసులోని ఒక్కో కణుపు ఏ కోణాల్లో తిరగగలదో, ఏ కోణాల్లో తిరగలేదో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం పటం గీసి చూపింది. జొన్నగింజ తన మొలక కోసం దాచుకునే ప్రొటీన్ పేరు కాఫిరిన్. అందులో నీటిని దగ్గరకు రానివ్వని లూసిన్ లాంటివి ఎక్కువ, లైసిన్ దాదాపు శూన్యం. ఈ కాఫిరిన్ గింజ లోపల సన్నని గుండ్లుగా పేరుకుంటుంది. ఆ గుండ్ల పైపొరలో సిస్టీన్ ఎక్కువున్న కాఫిరిన్ ఉంటుంది. సిస్టీన్‌లోని గంధకం పక్క గొలుసు గంధకంతో ముడిపడుతుంది. నీళ్లలో ఉడికించినప్పుడు ఆ ముళ్లు ఇంకా బిగుస్తాయి, కడుపులోని ఎంజైములు లోపలికి చొరబడలేవు. బియ్యం, గోధుమ ఉడికించినా పెద్దగా చెడవు. జొన్నకే ఈ తిక్క. 1981లో పెరూలో, పోషణలోపం నుంచి కోలుకుంటున్న చిన్నపిల్లలకు ముడిజొన్న జావ పెట్టి చూస్తే అందులోని నత్రజని సగం కూడా ఒంటబట్టలేదు. పిండిని పులియబెడితే కొంత ప్రొటీన్ తిరిగి అరుగుదలకు లొంగుతుందని ఆ తర్వాతి పరీక్షల్లో తేలింది.

ఈ వెలుగులో పాత వంటింటిని చూస్తే కొన్ని పనులకు అర్థం దొరుకుతుంది. జొన్నలను కాసిని నీళ్లతో తడిపి రోట్లో పోసి దంచేవారు. పైపొట్టు లేచేదాకా దంచి, చేటతో చెరిగి, మళ్లీ దంచేవారు. అన్నానికి గింజలు ఒకవైపు, సంకటికి నూక ఒకవైపు తేలేవి. ఇద్దరు ఆడవాళ్లు ఎదురుబొదురు నిలబడి రోకళ్లు వేస్తేనే సాగే పని. పొట్టుతోపాటు అరుగుదలను అడ్డగించే వగరు పదార్థాలు పోయేవి. లైసిన్ ఉండే మొలక భాగం కూడా కొంత పోయేది, అది వేరే నష్టం. ఎండాకాలంలో పిండి కలిపి రాత్రంతా పులవనిచ్చి పొద్దున కాచిన అంబలి చలవ చేస్తుందని తాగారు, ప్రొటీన్ ముళ్లు వదులవుతాయని కాదు. కానీ అందులో మజ్జిగ కలిపి తాగినవాడికి రెండు లాభాలు. పులుపు ఒకటి, పాల ప్రొటీన్‌లోని లైసిన్ ఒకటి.

ఇంతవరకూ చెప్పినదాన్ని ఎదుర్కొనే గట్టి సాక్ష్యం హైదరాబాదు నుంచి వచ్చింది. రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో మొదలుపెట్టిన పోషకాహార పరిశోధనాలయం 1950ల చివర హైదరాబాదుకు తరలింది; 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ సి. గోపాలన్ జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు చూశారు. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చెడటం దాని లక్షణాలు. ప్రపంచంలో అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బుగా పేరుపడింది. జొన్నకూ దానికీ ఏం సంబంధం? జొన్న ప్రొటీన్‌లో లూసిన్ మరీ ఎక్కువని, ఒంట్లో ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ అనే విటమిన్ తయారయ్యే దారిని అది పాడుచేస్తుందని గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఇదే నిజమైతే జొన్న లోటు పక్కనున్న పప్పుతో తీరేది కాదు, గింజలోనే విషం ఉన్నట్టు. నా వాదం కూలిపోవలసిందే.

ఆ సిద్ధాంతం పూర్తిగా నిలవలేదు. ఇతర ప్రయోగశాలలు ఎలుకల మీద చేసిన పరీక్షల్లో లూసిన్ ప్రభావం ఒకచోట కనిపిస్తే ఇంకోచోట కనిపించలేదు. లూసిన్ ఒక్కటే కారణమన్న మాట మీద శాస్త్రజ్ఞులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. జొన్న తిన్నవాళ్లందరికీ పెల్లాగ్రా రాలేదు. అదే జొన్న తిన్న మోతుబరికి రాలేదు. కంచంలో జొన్న తప్ప మరేదీ లేనివాడికి, అదీ ఇంట్లో నిలవలు అడుగంటిన నెలల్లో, వచ్చింది. గోపాలన్ కనిపెట్టినది గింజ తప్పయినా కాకపోయినా, ఆయన వార్డుల్లో పడుకున్న రోగులు పక్కన ఏమీ లేని కంచానికి సాక్షులు. మెక్‌కారిసన్ కూనూరు ఎలుకలనూ ఇలాగే అపార్థం చేసుకున్నారు. దేశంలోని వేర్వేరు ప్రాంతాల తిళ్లను ఎలుకలకు పెట్టి చూస్తే సిక్కుల తిండి మొదటి స్థానంలోనూ మద్రాసీల తిండి అట్టడుగునా నిలిచాయి. చాలామంది దాన్ని గోధుమ గొప్ప, వరి తక్కువ అని చదువుకున్నారు. సిక్కుల తిండిలో గోధుమతోపాటు పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు ఉన్న సంగతి ఆ చదువులో జారిపోయింది.

కాబట్టి పలనాటిలో అడగవలసిన ప్రశ్న, పక్కనున్నది ఎవరికి దక్కిందని. కూలి గింజల్లో కొలిచిన కాలం అది. మానికలతోనో కుంచాలతోనో జొన్నలు కొలిచి పోసేవారు. పప్పు కొలిచి పొయ్యడం ఆ లెక్కలో భాగం కాదు. చేలో జొన్న సాలు పక్కనే కంది సాలు ఉంది. కళ్లంలో మాత్రం జొన్న కూలివాడి వైపుకు, కంది ఆసామి వైపుకు విడిపోయాయి. ఉలవల సంగతి మరీ తమాషా. ఉలవలు ఉడకబెట్టింది ఎద్దు కోసం, అరక లాగేది అదే కనుక. పైన తేరిన కట్టు వంచుకుని మనుషులు చారు కాచుకున్నారు. ఇప్పుడు ఉలవచారు పెళ్లి విందుల్లో ఠీవిగా కనబడుతున్నా, గింజలోని ప్రొటీన్ చాలావరకు గింజతోనే ఎద్దు కడుపులోకి పోయింది. బ్రహ్మనాయుడు మాచర్లలో కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు నడిపాడని వీరగాథ చెబుతుంది. అందులో ఎంత చరిత్రో ఎంత కథో తేల్చడం కష్టం. ఇన్ని శతాబ్దాలుగా దాన్ని విశేషంగా చెప్పుకుంటూ వచ్చారంటే మామూలు రోజుల పంక్తి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

భూమి లేనివాడికి మిగిలిన లైసిన్ దారి పాడి. ఆవో గేదో మేకో అడవిలో మేస్తే ఇంట్లో ముంతెడు మజ్జిగ ఉంటుంది. ఈ దారి మూసుకుపోయిన సందర్భాలను పలనాటి చరిత్రలో వెతికితే, రాజకీయ చరిత్రగా చదువుకున్నవే వేరే రంగులో కనిపిస్తాయి. 1832–33 నందన కరువులో గుంటూరు సీమలో మనుషులతోపాటు పశువులూ కుప్పలుగా చచ్చాయి. పాడి పోయిన ఇల్లు వాన పడి జొన్న పండిన మరుసటి ఏడాది కూడా పాత కంచానికి తిరిగి రాలేదు. గింజ ఒక్క పంటలో వస్తుంది, మంద రాదు. తర్వాత అడవి ప్రభుత్వానిదైంది, మేతకు పుల్లరి కట్టమన్నారు. 1921లో పలనాటి రైతులు కట్టమని మొరాయించారు, 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు ప్రాణం పోయింది. దాన్ని స్వాతంత్ర్య పోరాట ఘట్టంగా చదవడం సబబే. అయితే అక్కడ పన్ను పడింది గింజ మీద కాదు, గడ్డి మీద. జొన్నకూటి పక్కన ఉండవలసిన మజ్జిగ మీద పడింది. హనుమంతు వెంట నడిచినవాళ్లు ఇంత దూరం ఆలోచించారని నేననడం లేదు. పశువు లేకపోతే బతుకు లేదని వాళ్లకు తెలుసు, అది చాలు.

లోటును గింజలోనే తీర్చాలన్న ప్రయత్నాలూ జరగకపోలేదు. 1973లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రపంచం నలుమూలల నుంచి సేకరించిన వేల జొన్న రకాలను పరీక్షించి లైసిన్ ఎక్కువున్న ఇథియోపియా రకాలు రెండింటిని పట్టుకున్నారు. వాటిలో కాఫిరిన్ తక్కువ, అందుకే లైసిన్ వాటా ఎక్కువ. కానీ గింజ సొట్టపడి, ముడుచుకుపోయి ఉంది, దిగుబడి తక్కువ. పటాన్‌చెరులో 1972లో పుట్టిన ఇక్రిశాట్ ప్రధాన పంటల్లో జొన్న ఒకటి, కంది ఇంకొకటి. కాస్త పరిశోధన, కాస్త ఆశ పెట్టినా లైసిన్ జొన్న రైతు చేలోకి రాలేదు. పక్క సాలులో కంది ఉన్నప్పుడు గింజను వంచి లైసిన్ పిండటం అంత అవసరమైన పనా అన్నది నా అనుమానం.

చివరి పెద్ద మలుపు నీళ్లతో వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ మాచర్ల పక్కనుంచి బయల్దేరి గురజాల, నరసరావుపేట సీమల్లోకి పారింది. నీళ్లందిన జొన్నచేలు వరిమళ్లయ్యాయి, పత్తి, మిరప విస్తరించాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడంతో నీళ్లందని ఊళ్లలోనూ వరన్నం రోజువారీ తిండయింది. శ్రీనాథుడు లేదన్నది వచ్చేసింది. దీన్ని పతనమనేవాళ్లతో నేను ఏకీభవించను. ముందు చెప్పిన లెక్క ప్రకారం బియ్యం లైసిన్ జొన్న లైసిన్ కంటే కొంచెం ఎక్కువే, అరుగుదలా మేలు. ఒట్టి సంకటితో బతికిన ఇంటికి రెండు రూపాయల బియ్యం కడుపు నింపింది, పెల్లాగ్రా లాంటి జబ్బులు దేశంలో తగ్గడానికి జొన్న వాడకం తగ్గడమూ ఒక కారణమే కావచ్చు. కానీ నిలవనీటి వరిమడి కంది సాలును భరించదు. జొన్నతోపాటు చేలో దాని జత కూడా లేచిపోయి గట్ల మీదికి, పత్తిచేల సాళ్లలోకి జరిగింది. ఇంటి చేలోంచి వచ్చే పప్పు కొట్లో కొనుక్కునే పప్పయింది. నరసరావుపేట దుకాణంలో కందిపప్పు ధర పెరిగినప్పుడల్లా వండే గిన్నెలో నీళ్లు పెరుగుతాయి, అన్నం మాత్రం అంతే ఉంటుంది. ఇప్పుడు చిరుధాన్యాలను రేషనులో కలపాలన్న చర్చలో కూడా మాట్లాడుకునేది ఏ గింజ ఇవ్వాలనే. ఆ గింజతోపాటు మనిషికి రోజుకు నలభై గ్రాముల కంది ఎవరు, ఎంత ధరకు ఇస్తారన్న లెక్క ఆ కాగితాల్లో అడుగునే ఉంటోంది.